చెంప పైన చీకటి

మా అమ్మ మిగ్దాలియా జన్మలో ఒక్క సినిమాలోనే నటించింది. అందులో ఆమె కళ్లు కనబడవు.

ఆ సినిమా పేరు 'కొడుకు మంచం'. ఆఫ్రికా యుద్ధంలో చనిపోయాడనుకున్న కొడుకు, కరెంటు లేని వేళ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడతాడు. బల్ల దగ్గర కూర్చున్న తల్లి తల తిప్పి చూస్తుంది. బల్ల మీద కిరసనాయిలు దీపం ఉంటుంది. ఆ వెలుతురులో ఆమె చేతులు కనిపిస్తాయి, మెడ కనిపిస్తుంది, పెదవులు వణకడం కనిపిస్తుంది. చెంప నుంచి పైకి అంతా చీకటే. హవానాలో సినిమా చదువుకునే పిల్లలకి ఈ సీను పాఠం. తల్లి చూపుని ప్రేక్షకుడే ఊహించుకోవాలని దర్శకుడు చేసిన సాహసం అని పంతుళ్లు చెబుతారు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మా అమ్మ ముఖం సగం మింగేసి, దానికి సాహసమని పేరు పెట్టుకున్నారు.

అమ్మ పోయి మూడేళ్లయింది. ఆ సినిమా తీసిన రోజుల్లో నాకు ఎనిమిదేళ్లు. రష్యా ఓడలు రావడం మానేసి, దేశంలో తిండి లేక, సబ్బు లేక, కరెంటు లేక అల్లాడిన చెడ్డ సంవత్సరాలవి. ఫోటో తీయించుకునే స్తోమత ఎవరికుంది? అప్పటి అమ్మ బొమ్మ మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. నాకు గుర్తున్న ఆమె కళ్లు మందపాటి అద్దాల వెనకవే. చెడ్డ సంవత్సరాల్లో చూపు దెబ్బతిన్నవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉండేవాళ్లు కాబట్టి, నేను దాన్ని పెద్ద విషయమనుకోలేదు. ఆ తర్వాత అమ్మ సినిమాల వైపు వెళ్లలేదు. రేడియో నాటకాల్లో గొంతు ఇస్తూ బతికింది. తన మాటలు నా చేత చదివించుకుని కంఠతా పట్టేది. "పెద్ద తెర నాకు అచ్చిరాలేదే" అనేది. అంత మంచి సీనులో ముఖం చీకట్లో కలిపేస్తే ఎవరికైనా అచ్చిరాదని నేననుకునేదాన్ని. ఆ సినిమాకి కెమెరా పట్టిన నివాల్దో అంటే నాకు అందుకే పడదు.

నేను సినిమావాళ్లతో మాట్లాడి, ఆ మాటలు రాసి పుస్తకాలు వేస్తాను. కెమెరా ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది, నటుడికి ఎంత చెప్పాలి, ఎంత చెప్పకూడదు, ఇలాంటివి అడుగుతాను. ఈ ఏడాది 'కొడుకు మంచం' పాత నెగటివుని శుభ్రం చేసి కొత్త కాపీ తయారు చేస్తున్నారని తెలిసింది. ఆ పని చేస్తున్న దారియెల్ నాకు స్నేహితుడు.

"నెగటివులో ముఖం ఉందో లేదో నేనింకా వెలుతురు పెంచి చూడలేదు. ఉంటే మాత్రం తేవచ్చు" అన్నాడు దారియెల్. "కానీ వెలుతురు మార్చాలంటే దర్శకుడూ, కెమెరామనూ ఇద్దరూ ఒప్పుకోవాలి. మా పద్ధతి అది. దర్శకుడు సరేనన్నాడు. నివాల్దో ముసలాయన మాత్రం ససేమిరా అంటున్నాడు."

నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఆ వయసులో అమ్మ ఎలా చూసేదో ఒక్కసారి చూస్తే చాలు. పుస్తకం వంకన ఇద్దరి దగ్గరికీ బయల్దేరాను.

దర్శకుడు ఎవెలియో ఊగే కుర్చీలో కూర్చుని నన్ను ఆహ్వానించాడు. ఎనభై దాటినా జుట్టుకి రంగు మానలేదు. సినిమావాళ్లంతా ఆయన్ని మేస్త్రో, అంటే గురువుగారూ, అని పిలుస్తారు. భార్య ఒదాలిస్ వంటింట్లో కాఫీ కాస్తోంది.

"మేస్త్రో, ఆ సీను చీకట్లో తీయాలని ముందే అనుకున్నారా?" అని అడిగాను.

"అనుకోవడమేంటమ్మా, కల్లో చూశాను. తల్లి కళ్లు చూపించకూడదు, చూపిస్తే ఏడుపుగొట్టు సినిమా అయిపోతుంది. తెల్లారి లేచి నివాల్దోకి చెప్పాను."

"మరి ఇప్పుడెందుకు వెలుతురు పెంచమంటున్నారు?"

"ఇప్పటి జనం ఫోన్లో చూస్తున్నారు తల్లీ. ఫోన్లో చీకటంటే నల్లటి బిళ్ల. చూపించకపోతే చూడరు." ఒదాలిస్ తెచ్చిన కప్పు అందుకుని ముందుకి వంగాడు. "రాసుకో. దర్శకుడి పనల్లా ఒక్కటే, నటుడు ఎటు చూడాలో చెప్పడం. తక్కినవన్నీ వేరేవాళ్లు చేసిపెడతారు. మీ అమ్మకి ఏం చెప్పానో తెలుసా? గుమ్మంలో కుర్రాడి కళ్లలోకి సూటిగా చూడు, రెప్ప వెయ్యకు అన్నాను. చూసింది. ఒక్క టేకు."

"ఒక్కటేనా?"

"రెండోది ఎక్కణ్ణించి తెస్తాం? ఫిల్ము ఉంటేగా. ఖాళీ కెమెరా తిప్పుతూ రిహార్సలు చేసేవాళ్లం, దాని చప్పుడుకి నటులు అలవాటు పడాలని. అంతా కుదిరిందనుకున్నాక ఫిల్ము ఎక్కించి ఒక్కసారి తీయడం. తీసింది కడగడానికి మందులుండేవి కావు. ఏం తీశామో చూసుకోడానికి నెలలు పట్టేది. కళ్లకి గంతలు కట్టుకుని సినిమా తీశామనుకో."

"నెలల తర్వాత ఆ సీను చూసినప్పుడు మీకేమనిపించింది?"

ఎవెలియో కప్పు కింద పెట్టాడు. వంటింట్లోంచి ఒదాలిస్ అందుకుంది. "ఏమనిపించిందా? ఇంటికొచ్చి కంచం విసిరికొట్టాడు. ఆ నివాల్దో గుడ్లగూబగాడు నా సినిమా నాశనం చేశాడు, వాడి అంతు చూస్తానన్నాడు."

"నువ్వూరుకో."

"మొదటి ఆటకి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారమ్మా. ఆ తర్వాత కల్లో చూశాడు."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఎవెలియో కూడా కాసేపటికి నవ్వేశాడు. చీకటి ఈయన కనిపెట్టింది కాదని తేలిపోయింది. అంటే అది నివాల్దో సొంత పని. ఆయన మీద నా కోపం ఇంకాస్త ముదిరింది.

నివాల్దో అఖాతానికి ఆవలి ఒడ్డున రెగ్లాలో ఉంటాడు. మర్నాడు లాంచీ దిగి ఆయనింటికి నడిచాను. శుక్లాలు ముదిరి కళ్లు పాలరంగుకి తిరిగాయి. గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, ఎండ ఎటు పడుతోందో చేత్తో తడిమి చూసుకుంటున్నాడు.

"బాబాయ్, నా పేరు యమిలే. మిగ్దాలియా కూతుర్ని."

"గొంతు తెలుస్తోందిలే. మీ అమ్మదే. కూర్చో" అన్నాడు. "వెలుతురు సంగతి అడగడానికొచ్చావు. ముందు ఇంకేదైనా అడుగు, నీ పుస్తకానికి పనికొస్తుంది."

అడిగాను. లైటు పెట్టేటప్పుడు దేన్నుంచి మొదలుపెడతారని అడిగితే, ముందు అన్నీ ఆర్పేసి గదిలో కూర్చుంటానన్నాడు. కిటికీలోంచి వచ్చేదాన్ని కాసేపు చూశాకే దీపం ముట్టుకుంటాడట. మనిషి ముఖానికి ఎక్కువ లైటు పెట్టే కెమెరామను ఆ మనిషిని నమ్మనివాడట. మాటలు బాగానే ఉన్నాయి. కానీ చివరి మాటకి నా సహనం అయిపోయింది.

"మా అమ్మని అంత నమ్మారా, అస్సలు లైటే పెట్టలేదు? ఆమె ముఖం మీ సొత్తా బాబాయ్? ఒక్కగానొక్క సినిమా. ఆ కళ్లు తప్ప ఆమెది ఇంకేమీ నేనడగట్లేదు. ఎందుకొద్దంటున్నారు?"

ఆయన కోప్పడలేదు. "ఆ రోజు నువ్వు సెట్లో ఉన్నావు. గుర్తుందా?" అన్నాడు.

గుర్తులేకేం? నా చిన్నతనంలో కడుపారా తిన్న భోజనం ఏదంటే అదే. నల్ల చిక్కుడు గింజలు, అన్నం, పైన ఉడికించిన గుడ్డు. కెమెరా స్టాండు పక్కన ఓ పెట్టె మీద కూర్చోబెట్టి, రేకు గిన్నె చేతికిచ్చారు. స్నేహితులు కలిసినప్పుడల్లా ఈ కథ చెప్పి నవ్విస్తాను. చరిత్రలో నిలిచిపోయిన సీను తీస్తుంటే, పక్కనే కూర్చుని గిన్నె గీక్కు తిన్న పిల్లని నేనని. ఆయనకీ అదే చెప్పాను.

"ఆ గిన్నె ఎవరిదనుకున్నావు?"

"సెట్లో అందరికీ పెట్టేవాళ్లుగా."

"పనిచేసేవాళ్లకి పెట్టేవాళ్లు తల్లీ. పిల్లలకి కాదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గాజు సీసా గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం అమ్మ ఆ సీసాలో అన్నం తెచ్చేది. నేను షూటింగులో తిన్నాను, ఇది మిగిలింది అనేది. అమ్మమ్మా నేనూ పంచుకునేవాళ్లం. మిగిలిందని తెచ్చిన సీసా ఎప్పుడూ నిండుగా ఉంటుందేమిటని ఆ వయసులో నాకు తోచలేదు.

"మొదటి రోజు నుంచీ అంతే" అన్నాడు నివాల్దో. "చక్కెర నీళ్లు తాగి, సిగరెట్టు కాల్చి పనిచేసేది. మూడో వారంలో లైటు స్టాండుకి గుద్దుకుంది. నవ్వేసింది. ఇంకో రోజు ఎర్ర గుడ్డ అందించమంటే బూడిదరంగుది తీసింది. మా తమ్ముడికి అప్పటికే ఆ జబ్బు వచ్చి ఉంది. తిండి లేక కళ్ల నరాలు చచ్చిపోవడం. పక్కకి తీసుకెళ్లి, నా ముఖం ఎలా కనిపిస్తోందని అడిగాను. మధ్యలో పొగ బాబూ, చెవులు మాత్రం కనిపిస్తున్నాయంది."

"మీకు తెలిసీ ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. నా భోజనంలో సగం ఇచ్చాను. అదీ సీసాలోకే పోయింది."

నేను తల వంచుకున్నాను. వీధిలో ఎవరో రొట్టెలమ్ముకుంటూ వెళ్లడం వినిపించింది.

"ఎవెలియోకి చెప్పనని ఒట్టేయించుకుంది. వాడికి తెలిస్తే ఆమెని తీసేసి ఇంకొకత్తెని పెట్టేవాడు. తప్పు కూడా కాదు, చూపు లేని మనిషి చేత చూసే సీను ఎలా చేయిస్తాడు? కానీ ఆమెని తీసేస్తే భోజనం పోతుంది. నెలరోజుల పని ఇంకా మిగిలుంది. అందుకని దీపానికి పైన రేకు ముక్క అడ్డం పెట్టి, వెలుతురు కిందకే పడేలా చేశాను. అదీ చాలదని ప్రింటు నల్లగా తీయమని ల్యాబుకి చెప్పాను. కానీ ఆ ముఖాన్ని చంపలేదు, కప్పానంతే. ఓ మూల చిన్న దీపం ఉంచాను, నెగటివులో ముఖం పడి ఉంటుంది. ఎందుకుంచానంటే చెప్పలేను. అది కూడా ఆర్పడానికి చేతులు రాలేదు."

"మరి గుమ్మంలో కుర్రాణ్ణి ఎలా చూసింది?"

"చూడలేదు" అన్నాడు.  గోడ పట్టుకుని లేచాడు. "ఒట్టు ఆమెకి వేశాను. ఆమె లేదు. నువ్వున్నావు. చూసుకో, ఆపైన ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. ఎవెలియోని ఎలాగూ పిలుస్తారు, వాడి ముందు మాత్రం నోరు జారకు. నేనూ వస్తాను, నాకేమీ కనిపించకపోయినా."

ఆ వారమే దారియెల్ గదిలో కలిశాం. ఎవెలియో ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. నివాల్దో చేయి పట్టుకుని నేను తీసుకొచ్చాను.

"ఏరా గుడ్లగూబా, ఇంకా బతికే ఉన్నావా?"

"నీ సినిమాలు చూడాల్సిన అవసరం తప్పింది. అందుకే బతికున్నాను."

ఇద్దరూ కావలించుకున్నారు. దారియెల్ సీను తెర మీదకి తెచ్చాడు. దీపం, చేతులు, మెడ, వణికే పెదవులు. ఏళ్ల తరబడి చూస్తున్న బొమ్మే. అతను ఏదో మీట తిప్పాడు. చీకటి మెల్లగా విడిపోయి, చెంప పైన మా అమ్మ బయటికి వచ్చింది.

ఎముకలు తేలిన ముఖం. ఇప్పుడు నాకున్న వయసు కంటే చిన్నది. కనుబొమలు నావే. కళ్లు పెద్దవి, తడిగా ఉన్నాయి, రెప్ప పడలేదు.  ఇంత అందంగా ఉండేదా అనుకున్నాను. ఇంత బక్కగానా అని కూడా అనుకున్నాను.

"ఆపు, ఆపు" అన్నాడు ఎవెలియో. "ఎటు చూస్తోంది? గుమ్మం ఇటుంది. కుర్రాడు ఆరడుగులవాడు. ఈవిడేంటి కిందకి చూస్తోంది? చూపు తప్పింది. మొత్తం తప్పింది."

నివాల్దో నా చెయ్యి నొక్కాడు. "నాకు కనబడట్లేదు తల్లీ. ఎటు చూస్తోందో చెప్పు."

"కెమెరాకి ఎడమపక్క" అన్నాను.

"ఎంత ఎత్తులో?"

"కిందకే. స్టాండు సగం ఎత్తులో. పెట్టె మీద..."

 పెట్టె మీద కూర్చున్న పిల్ల తలంత ఎత్తులో. ఆ రోజు నివాల్దో నా చేతికి గిన్నె ఇచ్చి, నా చెవిలో ఏం చెప్పాడో అప్పుడు గుర్తొచ్చింది. గట్టిగా గీకు తల్లీ, భయపడకు, ఇవాళ శబ్దం రికార్డు చెయ్యట్లేదు, మాటలన్నీ తర్వాత పెడతారు అన్నాడు. నేను భయపడలేదు. చెంచాతో గిన్నె అడుగు దాకా గీకాను. కనబడని కళ్లతో అమ్మ ఆ చప్పుడు వైపు ముఖం తిప్పింది. పంతుళ్లు పాఠాలు చెప్పే ఆ పెదవుల వణుకు, యుద్ధం నుంచి వచ్చిన కొడుకు కోసం కాదు. ఆకలితో కూర్చుని, తన కూడు నేను తింటుంటే విని సంతోషపడుతోంది.

ఎవెలియో ఇంకా తెరనే చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. "లాభం లేదు. మళ్లీ చీకటి చేసెయ్ దారియెల్. ఫోన్లో చూసేవాళ్లు చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. చూశావా నివాల్దో, కళ్లు చూపించకూడదని నాకు అప్పుడే తెలుసు."

"అవును" అన్నాడు నివాల్దో మెల్లగా. "నీకప్పుడే తెలుసు."

నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె చూపు తప్పలేదు మేస్త్రో, మీరు తప్పు చోట వెతుకుతున్నారని అరవాలనిపించింది. ఆ కంచం విసిరికొట్టినాయన ముందు ఈ గిన్నె కథ పెట్టాలనిపించింది. నివాల్దో చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది. అమ్మ చచ్చేదాకా దాచుకున్నది నేను ఒక్క నిమిషంలో ఈయన నోట్లో పెడితే, మర్నాడు అది కూడా ఈయన కన్న కల అయిపోతుంది.

"ఏమ్మా, ముఖం కావాలని పట్టుబట్టింది నువ్వేగా" అన్నాడు ఎవెలియో. "ఏమంటావు?"

"చీకటే ఉంచండి మేస్త్రో" అన్నాను.

ఆయన నా భుజం తట్టి, సిగరెట్టు కాల్చుకోవడానికి బయటికి వెళ్లాడు. దారియెల్ మీట మీద చెయ్యి వేశాడు.

"ఆగు. తీసెయ్యబోయే ముందు ఇంకొక్కసారి వెలుతురులో వెయ్యి."

"సౌండు పెట్టనా?"

"వద్దు."

సీను మొదలైంది. అమ్మ తల తిప్పింది. ఆమె కళ్లు కెమెరాకి ఎడమగా, కిందుగా వచ్చి ఆగాయి, అక్కడెవరో ఉన్నట్టు. తెర మీద బొమ్మ చూపు పక్కకి ఉంటే, మనం ఎక్కడికి జరిగినా అది మన మీద పడదు. సినిమావాళ్లతో ఇన్నేళ్లు మాట్లాడినదాన్ని, నాకా సంగతి తెలుసు. తెలిసీ కుర్చీలోంచి లేచి, ఎడమపక్కకి వెళ్లి నేల మీద కూర్చున్నాను.